మలేరి మట్టిలోని వేటగాడు

చేవెళ్ల, మొయినాబాదుల దగ్గరి ప్రొద్దుటూరులో (కడప జిల్లాలోని ప్రొద్దుటూరు వేరు) ఒక విద్యార్థి తలకాయంత గుండ్రాయిని మోసుకొని వచ్చి నా ముందు పెట్టినాడు. పైపొర ఉల్లిపాయ పొర వలె ఊడి వస్తున్నది. "సారూ, ఇది రాక్షసి బల్లి గుడ్డేనా?" అని అడిగినాడు. కాదని చెప్పడం సులభం. ఎందుకు కాదో చెప్పబోతే, మాట ఆ ఊరి రాళ్ళ నుండి మొదలై గోదావరి ఒడ్డు దాకా పోయింది. ఆ మాటలనే కొంత విస్తరించి ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆ రాయి గ్రానైటు. మొయినాబాదు వైపు ఎటు చూసినా ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు కనబడే బండలన్నీ ఇదే జాతివి. భూమి లోపల కరిగియున్న పదార్థం నెమ్మదిగా చల్లారి గట్టిపడినందువలన ఈ రాయి ఏర్పడింది. ఎండకు, వానకు దాని అంచులు అరిగి, పొరలు ఊడి గుండ్రనవుతుంది. కరిగిన రాతిలో జంతువు బ్రతకదు, ఎముక మిగలదు. పైగా దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అప్పటికి ఎముక గల ప్రాణి ఏదీ భూమి మీద పుట్టనే లేదు.

చేవెళ్ల దాటి వికారాబాదు వైపు పోయే కొలది నేల నల్లబడుతుంది. అక్కడిది మరొక కథ. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం నేల పగుళ్ళ నుండి పొంగి పారిన లావా గట్టిపడి నల్లరాయి అయినది. ఒక లావా ప్రవాహానికి, తరువాతి ప్రవాహానికి మధ్య వేల ఏండ్ల విరామం ఉండేది. ఆ విరామంలో చిన్న చెరువులు ఏర్పడి, వాటి అడుగున మట్టి పేరుకొన్నది. వికారాబాదు సమీపంలోని నస్కల్ వద్ద అట్టి చెరువు మట్టిలోనే చుంచెలుక వంటి ఒక చిన్న క్షీరదం పండ్లు దొరికినవి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో దానికి దక్కనోలెస్టిస్ అని పేరు పెట్టినారు. అది డైనోసారుల చివరి దినాల నాటి ప్రాణి.

కనుక ప్రొద్దుటూరుకు ఒక ప్రక్క ఉన్న రాయి డైనోసారులకు మరీ ముందుది, మరొక ప్రక్క ఉన్నది వాటి అంత్యకాలానిది. మనకు కావలసినది వాటి తొలి రోజులు. అవి ఎంత దూరంలో ఉన్నవో తెలియడానికి ఒక ఉపాయం చెబుతాను. ఒక్క సంవత్సరాన్ని ఒక్క మిల్లీమీటరుగా లెక్కించండి. మనిషి ఆయుర్దాయం ఏడెనిమిది సెంటీమీటర్లు, అనగా చూపుడు వ్రేలంత. మనిషి వ్రాత నేర్చి ఐదు మీటర్లు. నస్కల్ ప్రాణి 66 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. గ్రానైటు కోసం 2,500 కిలోమీటర్లు పోవాలి, అది హిమాలయాలకు అవతలి మాట. తొలి వేట డైనోసారులు సుమారు 220 కిలోమీటర్ల దూరంలో నిలబడి ఉంటవి. చిత్రమేమంటే, ప్రొద్దుటూరు నుండి ఈశాన్యంగా తిన్నని గీత గీస్తే ఇంచుమించు అంత దూరంలోనే, మంచిర్యాల, ఆసిఫాబాదు ప్రాంతంలో, వాటి ఎముకలు నిజంగానే దొరికినవి.

ఆ ప్రాంతం ప్రాణహిత, గోదావరి నదుల లోయ. బెల్లంపల్లి, మందమర్రి బొగ్గు గనులను గూర్చి మీరు భూగోళ పాఠంలో చదివియుంటారు. ఇక్కడ పూర్వం భూమి పొడుగునా పగిలి, రెండు పగుళ్ళ నడుమ నేల కొంచెం కొంచెంగా కృంగుతూ వచ్చింది. కృంగిన చోటికి నదులు ఇసుకను, బురదను తెచ్చి నింపినవి. నింపిన కొలది మరికొంత కృంగింది. కోట్ల ఏండ్లు ఇట్లే జరిగినందువలన వేల మీటర్ల మందాన పొరలు పేరుకొన్నవి. బొగ్గు పొరలు అడుగువి. వాటిపై యెర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అనే పేర్లతో ఒక్కొక్క కాలపు పొరలు ఉన్నవి. ఇవన్నీ అక్కడి ఊళ్ళ పేర్లే. మన పల్లెల పేర్లు ప్రపంచ శాస్త్ర గ్రంథాలలో ఈ విధంగా చేరినవి.

మలేరి పొరలు ముఖ్యంగా ఎర్రని బంకమట్టి, నడుమ నడుమ ఇసుకరాయి. మొదట ఇక్కడ దొరికినవి ఎముకలు కావు, చేపల పండ్లు. నాగపురంలో ఉండిన క్రైస్తవ మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ సేకరించిన శిలాజాల వలన ఈ మారుమూల పల్లెపై శాస్త్రజ్ఞుల దృష్టి పడింది. భారత భూగర్భ సర్వే అధిపతి థామస్ ఓల్డుహాం 1859లో ఆ పండ్లను వర్ణించినాడు. అవి సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేపవి. నీరు ఎండి బురద మిగిలినప్పుడు కూడ గాలి పీల్చి బ్రతకగలిగిన జాతి అది. 1869లో ఇంగ్లండులో టి.హెచ్. హక్స్‌లీ మలేరి ఎముకలలో హైపెరోడాపెడాన్ అనే సరీసృపాన్ని గుర్తించినాడు. అదే జంతువు స్కాట్లండులో కూడ దొరికియున్నది. సముద్రాలు దాటి రెండు చోట్ల ఒకే నేలజంతువు ఎట్లు ఉన్నదనే ప్రశ్నకు ఆనాడు జవాబు లేదు.

నేడు ఉన్నది. ఆ కాలంలో ఖండాలన్నీ కలిసి ఒకే మహాఖండంగా ఉండేవి. దానిని పాంజియా అంటారు. భారతదేశం ఆఫ్రికాకు, మడగాస్కరుకు, అంటార్కిటికాకు అతుక్కొని దక్షిణార్ధగోళంలో ఉండేది. హిమాలయాలు లేవు, బంగాళాఖాతం లేదు. మలేరి నుండి నడక మొదలుపెట్టిన జంతువు, తరతరాల మీద, సముద్రం దాటకుండానే అర్జెంటీనా చేరగలిగేది.

1957 ప్రాంతంలో ఇక్కడి త్రవ్వకాలు క్రొత్త ఊపు అందుకొన్నవి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ కలకత్తాలో స్థాపించిన భారత గణాంక సంస్థకు లండను నుండి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రజ్ఞురాలు వచ్చి, శిలాజాలను వెదకి త్రవ్వే పద్ధతులను ఇక్కడి యువకులకు నేర్పింది. లెక్కల సంస్థకు ఎముకలతో పని యేమని మీరు అడగవచ్చు. కొలత ఉన్నచోటల్లా గణాంకశాస్త్రం ఉంటుందని మహలనోబిస్ నమ్మకం. తరువాత మలేరిలో దొరికిన ఒక జంతువుకు ఎక్సేరెటోడాన్ స్టాటిస్టికే అని ఆ సంస్థ పేరే పెట్టినారు. గణాంకశాస్త్రం పేరు మోసే జంతువు మరొకటి ఉన్నదని నేనెరుగను.

ఇప్పుడు 22 కోట్ల ఏండ్ల నాటి ఆ లోయలోకి దిగి చూద్దాం. ముందుగా, లేనివాటిని తొలగించండి. గడ్డి లేదు, పూవు లేదు, పక్షి లేదు. నేల మీద పరచుకొన్న పచ్చదనమంతా ఫెర్నులది, సైకసు జాతి మొక్కలది. ఎత్తుగా నిలిచినవి శంకువులు కాసే చెట్లు. ఏడాదిలో కొన్ని నెలలు కుండపోత వాన, తక్కిన నెలలు ఎండ. ఎర్రమట్టి, అందులోని సున్నపు గుళికలు ఈ మార్పుకే సాక్ష్యం. తడిసి ఆరే నేలలో ఇనుము తుప్పు పట్టి ఎరుపెక్కుతుంది.

నది మలుపులో నీటి క్రింద ఒక జంతువు పొంచియున్నది. ముట్టె పొడుగు, ఒంటిపై పలకలు, చూడగానే మొసలి అంటారు. కాని మొసలికి ముక్కురంధ్రాలు ముట్టె కొసన ఉంటే, దీనికి కండ్ల దగ్గర ఉన్నవి. ఇది పారాసూకస్ హిస్లోపై. 1885లో లిడెక్కర్ దీనికి హిస్లాప్ జ్ఞాపకార్థం ఆ పేరు పెట్టినాడు. మొసళ్ళకు దూరపు చుట్టమే గాని మొసలి కాదు. ఒకే రకమైన బ్రతుకుతెరువు ఒకే రకమైన రూపాన్ని దిద్దుతుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తరగతిలో చెప్పడానికి దొరకదు. మలేరిలో దీని అస్థిపంజరాలు రెండు ప్రక్కప్రక్కనే దొరికినవి. రెండింటి కడుపు చోటులోను వేరే చిన్న సరీసృపపు ఎముకలు ఉన్నవి! మింగిన జంతువే క్రొత్త జాతిగా తేలింది. 1980లో శంకర్ చటర్జీ దానికి మలేరిసారస్ రాబిన్సనే అని పేరు పెట్టినాడు. గురువుగారి పేరు అట్లు నిలిచింది. తిన్నవాని కడుపులో భద్రంగా ఉండబట్టే తినబడినవాని సంగతి మనకు తెలిసింది.

అదే నీటిలో చదునైన పెద్ద తలకాయతో ఒక ఉభయచరం అడుగున పడియుండేది. కప్పకు, సాలమాండరుకు ఇది పెద్ద బంధువు. ఒడ్డున హైపెరోడాపెడాన్‌లు పంది పరిమాణంలో గుంపుగా మేసేవి. వాటి నోటి ముందు చిలుక ముక్కు వంటి కొక్కెం, లోపల పై దవడలో వరుసలు వరుసలుగా పండ్లు, వాటి నడుమ గాడి. క్రింది దవడ అంచు ఆ గాడిలో కత్తి వలె సరిగా దిగుతుంది. గట్టి ఆకును, కాడను తరగడానికి చక్కని ఏర్పాటు. వీటన్నిటి విసర్జన కూడ రాయి అయి దొరికినది. మలేరి పేడ శిలాజాల మీద మాట్లీ అనే శాస్త్రజ్ఞుడు 1939లో ఒక వ్యాసమే వ్రాసినాడు. నవ్వకండి. ఎవరు ఏమి తిన్నారో చెప్పడంలో పేడను మించిన సాక్షి లేదు.

మరి డైనోసారు ఏదీ? ఫెర్నుల చాటున చూడవలసియున్నది. రాక్షసి బల్లి అనే తెలుగు మాట ఇక్కడ మనలను తప్పుదారి పట్టిస్తుంది. తొలి డైనోసారులు రాక్షసులు కావు, బల్లులు అంతకంటె కావు. మలేరి దిగువ పొరలలో దొరికిన ఆల్వాకేరియా అనే దాని తలకాయ భాగం మన అరచేతిలో ఇముడుతుంది. 1987లో చటర్జీ దీనిని వర్ణించి, బ్రిటిషు శాస్త్రజ్ఞుడు అలిక్ వాకర్ గౌరవార్థం వాకేరియా అని పేరు పెట్టినాడు. ఆ పేరు అంతకు ముందే ఒక సముద్ర జీవికి ఉన్నదని తరువాత తేలింది. రెండు జంతువులకు ఒకే పేరు ఉండరాదని శాస్త్రజ్ఞుల నియమం. అందుచేత 1994లో అది ఆల్వాకేరియా అయినది. ముందు పండ్లు సన్నగా నిటారుగా, వెనుకవి వంకరగా ఉండుటచేత అది పురుగులను, చిన్న ప్రాణులను, బహుశా మొక్కలను కూడ తినేదని అనుకొంటారు. అయితే దానితో చేర్చిన ఎముకలన్నీ ఒకే జంతువువి కావని చాలమంది అభిప్రాయం. తొడ ఎముక, చీలమండ ఎముక మాత్రం డైనోసారువే. వరదకు కొట్టుకొనివచ్చి ఒకచోట చేరిన ఎముకలతో వచ్చే చిక్కు ఇది.

ఒక ఎముకను చూచి ఇది డైనోసారుదని ఎట్లు చెబుతారు? దీనికి పరికరాలు అక్కరలేదు. గోడ మీది తొండను చూడండి. దాని తొడలు ప్రక్కలకు చాచి ఉంటవి, నడిచేటప్పుడు ఒళ్ళంతా వంకరలు తిరుగుతుంది. ఇప్పుడు కోడిని చూడండి. కాళ్ళు ఒంటి క్రింద స్తంభాల వలె నిలుస్తవి. ఈ భేదం తుంటి ఎముకలో వ్రాసి ఉన్నది. తొండ తుంటిలో తొడ ఎముక తల ఆనే చోటు గిన్నె వలె అడుగు మూసి ఉంటుంది. డైనోసారు తుంటిలో అదే చోట ఆరపార రంధ్రం ఉంటుంది. ఇంట్లో కోడికూర వండిన నాడు తుంటి ఎముకను దాచిపెట్టి కడిగి చూడండి, ఆ రంధ్రం కనబడుతుంది. కోడికి అది డైనోసారుల వంశం నుండి వచ్చిన ఆస్తి. నిలువు కాళ్ళ వలన పరుగెత్తుతూ కూడ సులభంగా ఊపిరి పీల్చవచ్చు, ముందుకాళ్ళకు నేలతో పని తప్పి పట్టుకొనడానికి వీలు కలుగుతుంది. వేటగానికి ఇంతకంటె కావలసినదేమి?

ఈ తుంటి ఎముకయే మన కథకు కీలకం. మలేరి ఎగువ పొరలలో, అన్నారం గ్రామం దగ్గర, ఒక జంతువు తుంటి ఎముకల ముక్కలు, కొన్ని వెన్నుపూసలు దొరికినవి. తల లేదు, పండ్లు లేవు. కలకత్తా సంస్థలో వాటికి 282 అనే సంఖ్య వేసి భద్రపరచినారు. పండ్లు లేని వేటగాడిని గుర్తించడం కష్టం గనుక అవి దశాబ్దాల పాటు పేరు లేకుండానే ఉన్నవి. 2011లో కొందరు వాటిని పరిశీలించి, ఇది తొలికాలపు డైనోసారు అన్నంత వరకు చెప్పి ఆగినారు. చివరకు 2025లో అర్జెంటీనాకు చెందిన మార్టిన్ ఎజ్కుర్రా, ఆయన సహచరులు, వారిలో శంకర్ చటర్జీ కూడ ఒకరు, దీనిని క్రొత్త జాతిగా ప్రకటించినారు. పేరు మలేరిరాప్టర్ కుట్టియై. రాప్టర్ అనగా లాటిను భాషలో దోచుకొనిపోయేవాడు. కుట్టి అనగా ఈ లోయ పొరలను ఏండ్ల తరబడి నడచి విడదీసి, ఎన్నో శిలాజాలను వెలికి తెచ్చిన టి.ఎస్. కుట్టి.

దోచేవాడని తుంటి ఎముక ఎట్లు చెప్పింది? పోలిక వలన. అర్జెంటీనాలో విక్టోరినో హెర్రెరా అనే మేకలకాపరి కొండల్లో ఒక అస్థిపంజరాన్ని చూచి శాస్త్రజ్ఞులకు చూపినాడు. 1963లో దానికి అతని పేరుతోనే హెర్రెరాసారస్ అని నామకరణం చేసినారు. 1988లో దాని పూర్తి తలకాయ కూడ దొరికింది. వెనుకకు వంగిన, అంచున రంపపు కక్కులు గల పండ్లు. జారిపోయే ఎరను బిగించి పట్టడానికి నడుమ కొంచెం కదిలే క్రింది దవడ. పొడుగైన కొక్కెపు గోళ్ళు గల చేతులు. ఈ కుటుంబపు జంతువులు సుమారు రెండు మీటర్ల నుండి ఆరు మీటర్ల పొడుగు వరకు పెరిగేవి. డైనోసారులలో పెద్ద జంతువును వేటాడగలిగిన మొదటి వర్గం ఇదే. ఈ కుటుంబానికి తుంటి నిర్మాణంలో కొన్ని ప్రత్యేక లక్షణాలు ఉన్నవి. అన్నారం ఎముకలో ఆ లక్షణాలు కనబడినవి. చేతివ్రాతను బట్టి వ్రాసినవారిని గుర్తుపట్టడం వంటిది ఇది.

ఇంతకూ ఈ ముక్కలకు అంత విలువ ఎందుకు? హెర్రెరాసారస్ దొరికిన అర్జెంటీనా పొరలలో అగ్నిపర్వతపు బూడిద ఉన్నది. బూడిదలోని పొటాషియం క్రమంగా ఆర్గానుగా మారుతుంది గనుక దాని వయస్సును కట్టవచ్చు. అక్కడి లెక్క సుమారు 23 కోట్ల ఏండ్లు. ఉత్తర అమెరికాలో దొరికిన ఆ కుటుంబపు జంతువులు చాల తరువాతివి. నడుమ పెద్ద ఖాళీ! ఆ ఖాళీలోనే ఒక పెద్ద మార్పు జరిగింది. లోకమంతటా మేస్తుండిన హైపెరోడాపెడాన్ జాతి పూర్తిగా మాయమైనది. మలేరి పొరలలోనే ఇది చూడవచ్చు. దిగువ పొరలో అవి సమృద్ధిగా ఉన్నవి, ఎగువ పొరలో లేనే లేవు. మలేరిలో బూడిద లేకున్నా, ఏ జంతువు ఉన్నది, ఏది లేదు అనేదానిని బట్టి ఇతర దేశాల పొరలతో సరిపోల్చి కాలాన్ని నిర్ణయిస్తారు.

ఆహారం పోతే తినేవాడు కూడ పోవాలి గదా అని మనకు తోస్తుంది. దక్షిణ ఖండాలలో హెర్రెరాసారస్ కుటుంబం ఆ మార్పుతోనే అంతరించినదా అని సందేహం ఉండేది. అన్నారం తుంటి ఎముక దొరికినది ఎగువ పొరలో. అనగా, మేసేవి పోయిన తరువాత కూడ ఈ వేటగాడు మన గోదావరి లోయలో తిరుగుతూనే ఉన్నాడు. అదే ఎగువ పొరలో క్రొత్త శాకాహార డైనోసారులు కనబడుతవి. జక్లపల్లిసారస్, నంబాలియా అని వాటికి 2011లో పేర్లు పెట్టినారు. వాటిని ఇతడు వేటాడినాడో లేదో ఎముక చెప్పలేదు. ఒకే నేల మీద ఉండినారని మాత్రం చెప్పింది. ఆ పైనుండే ధర్మారం పొరలలో శాకాహారులు ఇంకా పెద్దవైనవి. కోట పొరల నాటికి బారాపాసారస్, కోటసారస్ వంటి ఏనుగును మించిన జంతువులు లోయలో నడిచినవి. అప్పటికి హెర్రెరాసారస్ కుటుంబం ప్రపంచంలో ఎక్కడా లేదు.

కోటసారస్‌ను చూడడానికి ప్రొద్దుటూరు పిల్లలు గోదావరి దాకా పోనక్కరలేదు. యామన్‌పల్లి దగ్గర త్రవ్వి తీసిన దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నిలబెట్టినారు. ఉపాధ్యాయులు పిల్లలను తీసుకొనిపోయినప్పుడు దాని మెడను, తోకను చూపి ఊరుకోకుండా, ప్రక్కకు నిలబెట్టి తుంటిని చూపవలెనని నా కోరిక. కోడి తుంటిలో చూచిన రంధ్రం అక్కడ ఎంత పెద్దదిగా ఉన్నదో పిల్లలే కనిపెడతారు.

మంచిర్యాల, ఆసిఫాబాదు వైపు బడులలో పనిచేసే ఉపాధ్యాయులకు వేరే మాట. అక్కడి ఎర్రమట్టి చేలలో దుక్కి తరువాత, తొలకరి వాన తరువాత, ఎముక ముక్కలు పైకి తేలవచ్చు. రాయిలా బరువుగా ఉన్నా విరిగినచోట బొంగు వలె, స్పంజి వలె సన్నని గదులు కనబడితే అది ఎముక అని అనుమానించవచ్చు. దానిని ఏరి సంచిలో వేసుకొంటే సగం సమాచారం పోయినట్లే. ఏ పొరలో, ఏ చేలో, ఎటువైపు ఉన్నదో తెలియనిచో అన్నారం ముక్కలు కూడ ఏ విలువా లేనివయ్యేవి. ఎగువ పొర అన్న ఒక్క మాట వల్లనే అవి ఇంత కథ చెప్పినవి. ఉన్నచోటనే ఫోటో తీసి, స్థలం గుర్తు వ్రాసి, హైదరాబాదులోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికి తెలపడం మేలు.

గుండ్రాయి తెచ్చిన కుర్రవాడు ఇదంతా విని కొంత నిరాశపడినాడు. తరువాత ఏమి తోచిందో, రాయిని తిరిగి బయట పారవేయకుండా తరగతి కిటికీలో పెట్టి, క్రింద కాగితం అంటించినాడు: "గ్రానైటు. గుడ్డు కాదు. వయస్సు 250 కోట్లు. డైనోసారుల కంటె పెద్దది."